మాంసానికి పోసిన మందు

పంది మాంసాన్ని రమ్ము పాకంతో కాల్చడం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. నేరేడ్‌మెట్‌లో ఉండేవాళ్లం, ఆయన మిలిటరీ ఆఫీసర్ల మెస్సులో వంటమనిషి. పెళ్లయ్యాక మొదటి క్రిస్మస్‌కు అదే వండుతానంటే మా ఆయన ఎగిరి గంతేశాడు. అప్పటికే అత్తగారు కాకినాడ నుంచి వచ్చి మా అల్వాల్ ఇంట్లో మకాం వేసి ఉన్నారు. సారా మాటెత్తితే చెవులు మూసుకునే మనిషి. అందుకని మా ఆయనే రమ్ము కొనుక్కొచ్చి, లేబుల్ చింపేసిన టానిక్ సీసాలో పోసి నా చేతికిచ్చాడు. ఎంత తెలివి!

ఆవిడ దిగిన రోజు నుంచి నా వంటకు వంక పెట్టని పూట లేదు. నాకు ఒళ్లు మండిపోతూనే ఉంది. పండగనాడు ఆరాధన నుంచి వచ్చీ రాగానే, తోలుతో ఉన్న తొడ మాంసానికి గాట్లు పెట్టి, మందపాటి గిన్నెలో ఉంచి, మూత మీద నిప్పులు పోశాను. ఇంకో పొయ్యి మీద అనాస రసం, బెల్లం, లవంగాలు మరిగించి, రమ్ము పోసి పాకం పట్టాను. ఆ పాకం పూయాలి, కాల్చాలి, మళ్లీ పూయాలి. మూడో పూతకు తోలు ఎర్రగా మెరిసింది.

అత్తగారు గుమ్మంలోకి వచ్చారు.

"మావాడు నా చేతి కూడు ముట్టడం మానేశాడు. ఏం పెడుతున్నావే వాడికి?"

"మందు," అన్నాను కసిగా.

నేనన్నది తాగే మందు. అనేశాక నాలుక కరుచుకున్నాను కూడా. ఆవిడ నా చేతిలోని టానిక్ సీసా చూసి, మొగుణ్ణి కొంగున కట్టేసుకోవడానికి పెళ్లాలు పెట్టే మందు అనుకున్నారు.

మధ్యాహ్నం భోజనానికి పాస్టరుగారు వచ్చారు. ఆయన కూర్చోకముందే అత్తగారు ఏడుపు లంకించుకున్నారు. "అయ్యగారూ, ఈ పిల్ల నా కొడుక్కి మందు పెట్టిందండీ! తనే ఒప్పుకుంది. ప్రార్థన చెయ్యండి."

"గది రమ్ము, అయ్యగారూ," అన్నాను. "మాంసంల పోసిన. ఈయననే తెచ్చిండు, అడుగుండ్రి."

పాస్టరుగారు మా ఆయన వైపు చూశారు. అవునంటే నాలుగు చీవాట్లతో పోయేది. లేదంటే నేను అబద్ధాలకోరును, పైగా మొగుడికి మందు పెట్టినదాన్ని.

"నాకేం తెలీదండీ," అన్నాడు నేల చూస్తూ. అని మోకాళ్ల మీద కూర్చుని తల వంచాడు. పాస్టరుగారు నుదుటికి నూనె రాసి దురాత్మను గద్దించారు. అత్తగారు ఆమెన్ల మీద ఆమెన్లు. ఆ నిమిషంలో వాళ్లిద్దరికంటే వంచిన ఆ తలను చూస్తేనే నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

నా మాంసం ముట్టకుండా అందరూ అత్తగారు వండిన కోడికూరతో తిని లేచారు. పాస్టరుగారు వెళ్లాక, మా ఆయన నూనె నుదురుతోనే వంటింట్లోకి వచ్చాడు. గిన్నె మూత ఎత్తి, గొంతు తగ్గించి, "ఓ తోలుముక్క పెట్టవా?" అన్నాడు.

అప్పటిదాకా ఆయన్ని "మీరు" అనేదాన్ని. గిన్నె లాక్కున్నాను.

"నువ్వు ముట్టకు. ప్రార్థన జేసి నీ మందు దిగగొట్టిండ్రు గద. ఇంగ నా వంటతోని నీకేం పని?"

అక్కడే నిలబడి, ఆయన చూస్తుండగా, ఆ తోలంతా ఒక్కదాన్నే తిన్నాను. ఇన్నేళ్లయినా మళ్లీ "మీరు" అనలేదు.