సగం తెల్లబడ్డ రేకు

మా సందు చివర ఇస్త్రీ పెద్దమ్మది ఒక్కటే పొడుగాటి గది. వీధి వైపు బల్ల, ఇస్త్రీపెట్టె, గుడ్డల మూటలు. లోపలి వైపు మంచం, పొయ్యి, మా పాప ఉయ్యాల. పైన ఇనుప రేకు. నేను డ్యూటీ నుంచి వచ్చేదాకా పాపని చూసేది ఆవిడే, నెలకింతని ఇస్తాను. భర్త పోయాక ఊళ్ళోవాళ్ళ చొక్కాల ముడతలు తీస్తూనే బతికింది. తన చీర మాత్రం ఎప్పుడూ నలిగే ఉంటుంది. అడిగితే, "నా చీరకి నేను కూలి ఇచ్చుకోలేనే" అంటుంది.

ఎండలు ముదిరాక నాకు నిద్ర కరువైంది. పసిపిల్లల ఒంట్లో నీరు ఎంత తొందరగా ఇంకిపోతుందో చదువుకున్నదాన్ని. ఉయ్యాల పక్కన థర్మామీటరు వేలాడదీశాను.

"జ్వరం పిల్లకా, గోడకా?" అని నవ్వింది పెద్దమ్మ.

రేకు మీద ఎండని తిప్పికొట్టే తెల్లరంగు వేయించుకుంటే ఖర్చు ప్రభుత్వం తిరిగిస్తుందని తెలిసి, ఆవిడ చేత దరఖాస్తు పెట్టించాను. ఆ సాయం ఇళ్ళకే, వ్యాపారాలకి లేదు. చూడ్డానికొచ్చిన ఆఫీసరు బల్లనీ మంచాన్నీ మార్చి మార్చి చూసి, నేల మీద సుద్దముక్కతో గీత గీశాడు. బల్ల ఉన్న సగం వ్యాపారం, మంచం ఉన్న సగం ఇల్లు. రంగు ఇంటి సగానికే.

"కింద గాలి ఒక్కటే కదండీ. వేడికి మీ గీత ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"రూలుకి తెలుసు మేడమ్."

రంగు మేస్త్రీ డబ్బు తర్వాత తీసుకుంటానని ఒప్పుకుని, సరిగ్గా గీత దాకా వేసి దిగాడు. పెద్దమ్మ వీధిలో నిలబడి చూసి, "సగం గుండు కొట్టించుకున్నట్టుందే నా కొంప" అంది. అయినా ఉయ్యాల దగ్గర వేడి కాస్త తగ్గింది. పాప ఒంటి మీద చెమటకాయలు మాడిపోయాయి. తుప్పు రేకు కింద పెద్దమ్మ మాత్రం ఎప్పటిలాగే ఉడికిపోతోంది.

డబ్బు మంజూరుకి ముందు ఆఫీసరు మళ్ళీ వచ్చాడు. నేనారోజు అక్కడే ఉన్నాను. రెండు నిమిషాలు నిలబడలేకపోయాడు. మూటలోంచి ఇస్త్రీ చేసిన తువ్వాలు లాగి, మెడా చంకలూ తుడుచుకుని, మళ్ళీ ఆ మూట మీదే పడేశాడు. పెద్దమ్మ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి బకెట్లో వేసింది.

ఉయ్యాల చూసి, "మనవరాలా?" అన్నాడు.

"కాదు బాబూ, ఈ అమ్మాయి కూతురు. నేను చూసుకుంటాను."

"ఊరికేనా?"

అవునని చెప్పమని కళ్ళతో సైగ చేశాను. పెద్దమ్మ నా వైపు చూడనే లేదు. "ఊరికే ఎందుకు చూస్తాను? డబ్బులిస్తుంది."

"అయితే ఇదీ వ్యాపారమే."

"మరి నేనుండేది ఎక్కడ?"

"అది నాకెలా తెలుస్తుంది? పిల్లని మాన్పించెయ్. వచ్చేవారం వచ్చి ఇల్లని రాస్తా."

అతను వెళ్ళాక, పాపని ఇంకెక్కడైనా పెడతానన్నాను. సందులో పిల్లల్ని చూసే ఇంకొకావిడ గది పై అంతస్తులో, కాలే స్లాబు కింద ఉంటుంది.

"అక్కడ పెట్టి ఆఫీసులో కుదురుగా కూర్చుంటావా నువ్వు? పిల్ల ఇక్కడే ఉంటుంది."

"మరి మేస్త్రీకి?"

"రంగేసింది నీ పిల్ల పడుకునే సగానికే కదా. నువ్వియ్యి."

ఇచ్చాను. గతిలేక కాదు, సంతోషంగానే ఇచ్చాను. అయినా ఆ గీత గీసినవాడి మీద అసహ్యం ఇప్పటికీ పోలేదు. వాడికి కళ్ళు లేక కాదు. మంచం చూశాడు, పొయ్యి చూశాడు, పొయ్యి మీద గిన్నె కూడా చూశాడు.

వారం తర్వాత వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. "పిల్ల ఇంకా ఇక్కడే ఉందే?"

"ఉంటుంది. రాసుకో" అంది పెద్దమ్మ లోపల్నుంచే.

రాశాడు. అతని భుజం మీదుగా చూశాను: 'ఇక్కడ ఎవరూ నివసించడం లేదు.' లోపల పెద్దమ్మ మంచం మీద కూర్చుని పాపకి చెంచాతో నీళ్ళు తాగిస్తోంది.