గద్వాల జోగయ్య చుట్టిన తీగ

జోగయ్య గద్వాలలో చీరలు నేసేవాడు. మగ్గం దిగితే హ్యామ్ రేడియో ముందు కూర్చునేవాడు. సర్కారు లైసెన్సు తీసుకుని, ఊరూరి మిత్రులతో గాలిలో మాట్లాడే సరదా అది. సెట్టు తనే కట్టుకున్నాడు. దాని ఏరియల్ కొన మీద వాలిన కాకికి రాయచూరు కోట కనబడేదని, వాళ్ల పక్కింటివాణ్ణి, నేనంటే నా మనవలు నవ్వుతారు.

ఆ మిత్రులు కలిస్తే కొత్త సర్క్యూట్ల ముచ్చటే. తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. వనపర్తి చిన్నయ్య తన సెట్టును పాత ఇనుములో వేశాడు. నాగర్‌కర్నూల్ వెంకటన్న పిలిచినా పలకడం మానేశాడు. జోగయ్య కూడా జపాన్ సెట్టొకటి కొని, సొంతది అటకెక్కించాడు. మీట నొక్కితే పలికేదానికి బుర్ర వాడే పనేముంది?

2009 అక్టోబరులో కృష్ణ పొంగింది. నది నడుమ దీవిలో ఉన్న తన తమ్ముడింటికి వెళ్లిన జోగయ్య భార్య జములమ్మ అక్కడే చిక్కుకుంది. "నీళ్లు గడపకాడికొచ్చినయి" అని ఫోనులో అంటుండగానే టవర్లు ఆగిపోయాయి. పుట్టి పడవలవాళ్లు ఆ వడిలో దిగలేమన్నారు. మనవైపు బోట్లన్నీ మునిగిన అలంపురానికి పోయాయి. ఎగువన రాయచూరులో బోట్లున్నాయి గాని వాళ్లకు చెప్పేదెవరు? జపాన్ సెట్టు పిడుగుకు కాలిపోయింది. మూత తీస్తే వేలికి దొరికే భాగం ఒక్కటీ లేదు.

పాతది దింపాం. కాయిల్ తెగిపోయి ఉంది. జోగయ్య ఫ్యాను మోటారు తీగ ఊడదీసి, కండెకు నూలు చుట్టినట్టు చుట్టి, ఆటో బ్యాటరీకి తగిలించాడు. మీటరు ముల్లు కదల్లేదు.

"మళ్ల చుట్టరాదన్నా," అన్నాను.

"చుట్టుడు మంచిగనే ఉంది. నువ్వు జర సప్పుడు చేయకు."

తీగను వేళ్లతో తడుముతూ అతుకు దగ్గర ఆగి, తల కొట్టుకున్నాడు.

"నూలుపోగులు అతికినట్టు మెలిపెట్టిన! పైపూత గీకనే లేదు, కరెంటెట్ల పోతది!"

ఏళ్ల తరబడి సెట్టు కట్టని వేళ్లు మగ్గం పనే చేశాయి. కత్తితో పూత గీకి, మళ్లీ అతికాడు. ముల్లు లేచింది.

పిలిచాడు. వనపర్తి లేదు, నాగర్‌కర్నూల్ లేదు. ఒకటే గరగర. గొంతు బొంగురుపోయాక రాయచూరు నుంచి ఎవరో కన్నడ యాసలో పలికారు.

"ఏ కంపెనీ సెట్టు రీ అది? మాట వణుకుతుంది."

"కంపెనీ లేదన్నా, నేనే కట్టిన."

"ఈ కాలంలో ఎవరు కడతారు రీ? ఆటలాడుతున్నారా?"

"ఆటలా? నా పెండ్లాం నీళ్లల్ల ఉంది! దీవిల మనుషులున్నరని మీ బోటోళ్లకు చెప్పు. నీ కాల్మొక్త!"

గరగర. తర్వాత ఆ గొంతు మారింది. "పోయి చెప్తా. సెట్టు ఆపొద్దు రీ."

పొద్దు వాలుతోంది, బ్యాటరీ సన్నగిల్లుతోంది. జోగయ్య మంచినీళ్లు కూడా ముట్టలేదు. చివరికి ఆ రాయచూరు సెట్టులోంచి జములమ్మ గొంతే వచ్చింది.

"ఏమయ్యా, ఇనబడుతుందా? తమ్ముని బర్లు కొట్టుకపోయినయి. మనుషులం అందరం ఒడ్డుకొచ్చినం."

జోగయ్య మీట నొక్కాడు.

"గద్వాల, ఉన్నారా రీ?" అన్నాడు రాయచూరాయన.

లైసెన్సు లేకపోయినా నేనే మైకు లాక్కున్నాను. "ఉన్నడు. ఏడుస్తుండు."