సొంత రిస్కు అయిపోయింది

వీబ్రెన్ హెట్టింగాకు మొండితనం తండ్రి నుంచి వచ్చింది, వంతెన ఉద్యోగమూ ఆయన నుంచే వచ్చింది. ఫ్రీస్‌లాండ్ కాలువలో పడవ కనబడితే కార్లను ఆపడం, వంతెన ఎత్తడం, గాలపుకర్రకు కట్టిన చెక్కబూటును పడవలోకి వదిలి సుంకం అందుకోవడం, ఇదే అతని బతుకు. పెళ్లి మాట ఎత్తినవాళ్లను నవ్వి పంపేశాడు. డాక్టర్ల మాట ఎత్తినవాళ్లను తిట్టి పంపేవాడు.

అందరిలాగే అతనికీ బేసిక్ బీమా ఉంది, అది లేకుండా కుదరదు. పళ్లకూ ఫిజియోకూ పనికొచ్చే అదనపు బీమా మాత్రం వద్దన్నాడు. ఇక మిగిలింది 'సొంత రిస్కు'. ఏటా ఆసుపత్రి ఖర్చులో మొదటి కొంత మన జేబులోంచే పోవాలి, అది దాటాకే బీమా కంపెనీ చెయ్యి వేస్తుంది. కావాలంటే ఆ కొంతను పెంచుకోవచ్చు, అప్పుడు నెలనెలా కట్టేది తగ్గుతుంది. వీబ్రెన్ పెంచగలిగినంతా పెంచుకున్నాడు. అందులో ఒక్క సెంటు కూడా ఎన్నడూ కదల్లేదని కాఫీ తాగిన చోటల్లా గొప్పలు పోయేవాడు. ఒళ్లు మాట వింటున్నంతకాలం ఎవరైనా గొప్పలు పోగలరు లెండి.

ఆ నవంబరులో మోకాలు మొరాయించింది. ఊరి డాక్టరు ఆసుపత్రికెళ్లి స్కాన్ తీయించుకోమన్నాడు. చేతిచమురు ఎంత వదులుతుందో కనుక్కుందామని వంతెన గదిలో కూర్చుని సెల్‌లో బీమా కంపెనీకి ఫోన్ చేశాడు. బయట పట్టపగలే పొగమంచు కాలువను మింగేసింది.

ఫ్రౌక్యె అనే ఆవిడ ఎత్తింది. పేరూ పుట్టినతేదీ అడిగి, వివరాలు చూసి హుషారుగా చెప్పింది.

"మీకేం ఖర్చు కాదండీ. ఈ ఏడాదికి మీ సొంత రిస్కు అయిపోయింది. డిసెంబరు ఆఖరుదాకా మీరు రాజే!"

ఈ మాట వింటే అక్కడ ఎవరైనా ఎగిరి గంతేస్తారు. ఏడాది మారకముందే ఉన్న జబ్బులన్నీ చూపించేసుకుంటారు. వీబ్రెన్ మాత్రం సెల్‌ను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"ఎలా అయిపోతుందమ్మా? ఊరి డాక్టరు దగ్గరికి తప్ప నేనెక్కడికీ పోలేదే!"

"ఊరి డాక్టరు ఖర్చు సొంత రిస్కులోంచి పోదండీ. ఇది అంబులెన్సు. రెండుసార్లు. తలకి స్కాన్ కూడా తీశారు."

"ఎవరి తలకి?"

"మీ తలకే, హెట్టింగా గారూ."

"వేరే హెట్టింగా అయ్యుంటాడులే. మా వైపు రాయి విసిరితే ఏదో ఒక హెట్టింగాకే తగుల్తుంది."

"పుట్టినతేదీ మీదేనండీ. ఎక్కించుకున్న చోటు కూడా మీ వంతెనే."

అతని చూపు తలుపు వెనక వేలాడుతున్న కోటు మీద పడింది. దాని చెయ్యి మణికట్టు నుంచి మోచేతిదాకా తిన్నగా చీలి ఉంది. మేకుకు పట్టి చిరిగిందనుకుని వారాల తరబడి ఆ మేకును తిడుతున్నాడు. మేకు అంత తిన్నగా కోయదు, కత్తెర కోస్తుంది. ఎవరో తనను నేలమీద పడుకోబెట్టి, కోటు కోసి, ఎత్తుకుపోయారు. తర్వాత తను తిరిగొచ్చి, కోటు తగిలించి, కాఫీ పెట్టుకుని, మళ్లీ వంతెన ఎత్తే ఈ మీట దగ్గరే కూర్చున్నాడు. ఆ తిరిగొచ్చిన మనిషి ఎవరో అతనికి తెలియదు.

తను తనలో లేని వేళల్లో మీట ఎవరు నొక్కారు? బడిపిల్లల సైకిళ్లు వంతెన మీద ఉండగా నొక్కి ఉంటే? పైవాళ్లకు చెబితే ఉద్యోగం పోతుంది. ఈ గది పోతే తనకిక మిగిలేది ఏమీ లేదు, ఆ భయం ఇంకా పెద్దది.

"మా పైఅధికారికి చెప్పాలంటావా అమ్మా?"

అవతల కీబోర్డు టకటకలాడింది.

"మీ పాత కాల్స్ ఇక్కడ రాసి ఉన్నాయి. కిందటి వారం కూడా ఇదే అడిగారండీ."

"నేనా?"

"మీరే. మోకాలి స్కాన్ గురించే చేశారు. వేరే హెట్టింగా అన్నారు, రాయి విసిరితే అన్నారు. సాయంత్రమే వెళ్లి మీ పైఅధికారి ఆటె గారికి చెప్పేస్తానన్నారు. అంతకుముందు చేసినప్పుడూ అదే అన్నారు."

మంచులో ఎక్కడో పడవ కూత వేసింది. వీబ్రెన్ చెయ్యి అలవాటుగా మీట వైపు పోయింది. దాన్ని రెండో చేత్తో పట్టి ఆపుకోబోయి సెల్ జారవిడిచాడు, వంగి తీసుకున్నాడు.

"ఉన్నావా తల్లీ? ఈసారి పెట్టెయ్యకు," అన్నాడు. "ఆటె ఇల్లు అవతలి గట్టునే. నేను తలుపు కొట్టి చెప్పేదాకా మాట్లాడుతూనే ఉండు. మధ్యలో మర్చిపోతే, ఎందుకు వెళ్తున్నానో నువ్వే చెప్పు."