తడకు పోయే బియ్యం

పలమనేరులో పాలమ్ముకుని బతికే కృపామణి ఏనాడూ పాలల్లో చుక్క నీళ్లు కలిపి ఎరగదు. ఆమె చేసిన మోసమల్లా ఒక్కటే. తడ దగ్గర ఫ్యాక్టరీల్లో పనిచేసే జపాను వాళ్ల మధ్య సువార్త సేవ చేస్తున్న అమల కుటుంబం కోసం, చర్చి ఆడవాళ్లందరూ వంట చేసినప్పుడల్లా పిడికెడు సన్నబియ్యం ఎవరింట్లో వాళ్లు ఒక కుండలో తీసిపెట్టి పంపాలని ఏర్పాటు. కృపామణి సన్నబియ్యం తాను వండుకుని, ఆ కుండలో రేషన్ బియ్యం వేసేది. రోజూ మోకాళ్ల మీద ఏడ్చి క్షమాపణ అడిగేది. మర్నాడు మళ్లీ అవే వేసేది.

ఆరు నెలలకు అమల వచ్చి చర్చిలో నిలబడింది.

“మీరు పంపే బియ్యం ముద్దముద్దగా అవతాది. మా ఇంటికి ప్రార్థనకొచ్చే జపానోళ్లు పుల్లలతో తింటారు గదా, సన్నన్నమైతే జారిపోతాది. ఇదైతే అడిగి మరీ పెట్టించుకుంటా ఉండారు. రేషన్ బియ్యమే గదా? ఎవురు పంపినారమ్మా?”

మెప్పు దొరికే చోట ఒప్పుకోవడానికి భయమేముంది? కృపామణి చటుక్కున చెయ్యెత్తింది. ఎత్తి చుట్టూ చూస్తే, పాస్టరమ్మతో సహా ఆడవాళ్లందరి చేతులూ పైనే ఉన్నాయి.

కృపామణికి ఒళ్లు మండిపోయింది.

“ఓసి మీ మొగాలు మండా! ఇన్నాళ్లూ మోకాళ్లు కాయలు కాసేట్టు ఏడ్సింది నేనొక్కదాన్నేనా?”