పెట్రోల్ ముల్లు

సికింద్రాబాద్ నుంచి కాప్రా వెళ్లే బస్సులో, నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒడిలో పాత కారు మీటరు ఉంది.

"రిపేరుకాండీ?" అన్నాను.

"అయిపోయింది. పెట్రోల్ ముల్లు ఇరుక్కుంటుండె. అద్దం మీద తడితే లేస్తుండె. ఇంట్ల అందరం గట్లనే నడిపినం."

మళ్లీ ఆయనే అన్నాడు: "మా ఆమెకు గుండెనొప్పి వచ్చిన రోజు సుత తట్టిన. ముల్లు సగం ట్యాంకు చూపించింది. దవాఖానకు పోతుంటే మల్కాజ్‌గిరి కాడ బండి ఆగింది. చుక్క పెట్రోల్ లేదు. నా పక్క సీట్లనే పోయింది."

"మరి ఇప్పుడెందుకు బాగుచేయించారు?"

"బండి అమ్ముతున్న. కొనెటోడు ముల్లును నమ్ముతడు కద."

దిగబోతూ అలవాటుగా మీటరు అద్దాన్ని తట్టాడు. వెంటనే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఆ రోజు నుంచి మా గోడ గడియారం ఆగిపోతే నేను తట్టి చూడను.