పొడి గుడ్డ, తడి గుడ్డ: నెక్కొండ కరెంటు వైద్యం

మొన్న ఒకాయన ఫోన్ చేసి, భార్య క్యాన్సర్‌కు కరెంటు వైద్యం చేయించాలనుకుంటున్నానని, అలాంటి చోటికి నేను వెళ్లొచ్చానని విన్నానని, దారి చెప్పమని అడిగాడు. ఎనభైల నాటి కోపం మళ్లీ నెత్తికెక్కింది. అప్పట్లో మా అక్కకు ఎడమ చంక దగ్గర గడ్డ లేచింది. వరంగల్ డాక్టర్లు క్యాన్సరని తేల్చి, ఆలస్యం చేయకుండా హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకోమన్నారు. కోత అంటే అక్కకు వణుకు. అంతలో బావ మరమగ్గాల షెడ్డుకు నూలు అమ్మే సేటు ఒక కబురు మోసుకొచ్చాడు. నెక్కొండలో ఒకాయన కరెంటు పెడితే చెడ్డ కణాలే చస్తాయట, మంచివాటికి ఏమీ కాదట. బావ ఆపరేషన్ వాయిదా వేసి, అక్కకు తోడుగా నన్ను పంపాడు.

పొద్దున పాసింజర్ ఎక్కితే వరంగల్ నుంచి నెక్కొండ ఎంతో దూరం కాదు. టికెట్ బస్సు కన్నా చవక, కాకపోతే మిర్చి బస్తాల మధ్య నిలబడాలి. స్టేషన్ బయట రిక్షా అతను మమ్మల్ని చూడగానే, "కరెంట్ డాక్టర్ తానికేనా? ఎక్కుండ్రి. రోజూ మస్తుమందిని దింపుతాన," అన్నాడు.

"నయమైనోళ్లను ఎవరినన్న చూసినవా?" అని అడిగాను.

"మళ్ల వచ్చినోళ్లను చూస్త. రానోళ్ల సంగతి నాకెట్ల తెలుస్తది?"

కరెంట్ డాక్టర్ ఉండేది ఎరువుల దుకాణం వెనక గదిలో. బెంచీ నిండా జనం. బల్ల మీద రేడియో అంత పెట్టె, ఎర్ర బల్బు, రెండు తీగలు, వాటి కొసలకు రేకు బిళ్లలు. తెల్లకోటాయన ముందు అక్క కుడి చేతి మీద పొడి గుడ్డ పరిచి, దాని మీద బిళ్లలు పెట్టి మీట నొక్కాడు. అక్కకు ఏమీ తెలియలేదు. "చూసిన్రా, మంచి కణాలను మిషన్ ముట్టది," అన్నాడు. తర్వాత ఆ గుడ్డనే ఉప్పునీళ్లలో ముంచి గడ్డ మీద వేశాడు. అక్క ఎగిరిపడింది. "దొరికినయ్. చెడ్డ కణాలు కొట్టుకుంటున్నయ్," అన్నాడాయన. బెంచీ మీద ఒక ముసలామె దండం పెట్టింది.

మరమగ్గాల ఇంట్లో గంజితో తడిసిన చేత్తో మోటారు స్విచ్చు ముడితే షాక్ కొడుతుందని పిల్లలకు మాటలు రాకముందే నేర్పుతారు. అక్క నెమ్మదిగా, "సాబ్, గా తడి గుడ్డ జర నా కుడి చేతికి గుడ పెట్టుండ్రి," అంది.

"మంచి చెయ్యికెందుకమ్మా? మిషన్ ఖరాబైతది."

నాకు ఒళ్లు మండింది. ఆ తడి గుడ్డ లాక్కుని, బిళ్లలు నా ముంజేతి మీద ఒత్తుకున్నాను. చెయ్యి ఎగిరిపడేలా షాక్ కొట్టింది. "నాక్కూడ క్యాన్సరా సాబ్?" అని అడిగాను.

"ఉండొచ్చు. కూసో, చూస్త," అన్నాడు, రెప్ప వాల్చకుండా. సిగ్గూ శరం లేని మనిషి. బెంచీ వైపు తిరిగి తడికీ పొడికీ తేడా చెప్పబోయాను. భార్యను ఒళ్లో పడుకోబెట్టుకున్న ఒకాయన నా చెయ్యి పట్టుకుని, "నమ్మకం లేకుంటె మీరు పోండ్రి. మాకున్న ఒక్క ఆశను చెడగొట్టకుండ్రి," అన్నాడు. ఆయన మీద కోపం రాలేదు. ఆ ఆశను అమ్ముకుంటున్నవాడి మీద మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.

స్టేషన్‌లో నేను టికెట్లకు నిలబడితే అక్క వెనక నుంచి, "తమ్మీ, వరంగల్‌కు తియ్యకు. సికింద్రాబాద్‌కు తియ్యి," అంది.

"బావకు చెప్పొద్దా?"

"దవాఖానల చేరినంక చెప్పు. ఇంటికి పోతె మళ్ల భయపడ్త."

రైలు వరంగల్‌లో ఆగినంతసేపూ అక్క అవతలి కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

క్షణకాలపు విద్యుత్ ఘాతాలతో క్యాన్సర్ కణాల పొరకు రంధ్రాలు చేసి చంపే పద్ధతి మీద పరిశోధనలు నిజంగానే ఉన్నాయని, కొన్ని రకాల గడ్డలకు ఆసుపత్రుల్లో డాక్టర్లు కొలిచి, జాగ్రత్తగా వాడుతున్నారని ఈమధ్య చదివాను. అది తెలిశాక నా కోపం రెట్టింపైంది. ఎవరో ఏళ్ల తరబడి కష్టపడి తేల్చుకోవాల్సిన మాటను ఆ మనిషి ఉప్పునీళ్ల గిన్నెతో అమ్ముకున్నాడు. ఆపరేషన్ తర్వాత అక్క చాలా ఏళ్లు షెడ్డులో పనిచేసింది. ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఏమయ్యారో రిక్షా అతనిలాగే నాకూ తెలియదు.

ఫోన్ చేసినాయనకు చెప్పిన దారే మీకూ చెబుతున్నాను. క్యాన్సర్ అని తేలితే టికెట్ నేరుగా పెద్ద ఆసుపత్రి ఉన్న ఊరికే తీసుకోండి, మధ్యలో ఎక్కడా దిగకండి.