ఖాళీగా మిగిలిన భర్త పేరు గడి

1954లో నేను ఆదోనిలో పత్తి మిల్లు కార్మికుల యూనియన్‌కు గుమాస్తాను. జిన్నింగ్ అంటే పత్తి నుంచి గింజను వేరుచేయడం. ఆ యంత్రాలకు పత్తి అందించేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. పసిబిడ్డలను గేటు బయట చీర ఊయలల్లో వదిలి, ఏడుపు వినబడినా కదలకుండా నిలబడేవాళ్లు. కదిలితే మేస్త్రీ మర్నాటి నుంచి పనికి రావద్దనేవాడు.

యాజమాన్యంతో కూర్చుని మాట్లాడే వర్క్స్ కమిటీకి మా సభ్యులు ఓటేసి మనుషులను పంపాలి. పాలిచ్చే విరామం అడగడానికి తమలో ఒకరు వెళ్లాలని ఆడవాళ్ల పట్టుదల. నేను తయారుచేసిన ఓటర్ల జాబితాలో మాత్రం ఒక్క ఆడపేరూ లేదు!

ఈరమ్మ అనే కార్మికురాలు చంకలో బిడ్డతో నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా, అందరం ఏలిముద్రలు ఏస్తిమి గదా, మా పేర్లు యాడ?"

"మీ సభ్యత్వ దరఖాస్తుల్లో భర్త పేరు గడి ఖాళీగా ఉందమ్మా. అవి చెల్లవు, పక్కన పెట్టేశాను" అన్నాను, చట్టమంతా నేనే రాసినట్టు.

"మొగుని పేరు నోటితో ఎట్ల చెప్తాము? మీ ఇంట్లో ఆయమ్మ చెప్తాదా?"

మా ఆవిడా ఏనాడూ నా పేరు పలకలేదు. అయినా నాకా సంగతి తట్టనే లేదు. తల కొట్టేసినట్టయింది. ఓటింగేమో మర్నాడే.

ఈరమ్మ అందరినీ పిలిచి వరసలో నిలబెట్టింది. "నా మొగుని పేరు ఎనకున్న సుంకమ్మ చెప్తాది. దాని మొగుని పేరు దాని ఎనకామె చెప్తాది. రాసుకో అప్పా."

నవ్వులతోనే గడులన్నీ నిండాయి. చివరామె భర్త పేరు ఈరమ్మే చెప్పింది. మర్నాడు ఓట్లలో ఆమే గెలిచింది.

మొదటి సమావేశంలో మేనేజరు విరామానికి అడ్డం తిరిగాడు. "మధ్యలో మీరు వెళ్తే యంత్రాలు ఆగిపోతాయి."

"యాల ఆగుతాయి సామీ? నేను పోతే సుంకమ్మ నా తావున నిలబడతాది. ఆమె పోతే నేను. పక్కదాని పని చేసేది మాకు కొత్త గాదు."

ఆయన చివరికి సరేనన్నాడు. పూటకు పావుగంట విరామం మినిట్స్‌లోకి, అంటే సమావేశపు పుస్తకంలోకి, ఎక్కింది. అది నా చేత్తో రాసినందుకు నాకిప్పటికీ గర్వమే.

ఆ తర్వాత ఏ కాగితంలో గడి ఖాళీగా కనబడినా పక్కన పడేయలేదు. లేచి వెళ్లి ఆ మనిషినే అడిగాను. ఈపాటి పని నేర్పడానికి చంకలో బిడ్డతో ఈరమ్మ నా దాకా నడిచి రావలసి వచ్చింది.